ఆయ్

ఆకివీడు ఐసు ఫ్యాక్టరీ మేడ మీద
మా అద్దె గదిలో ఎండాకాలం కూడా నేల చల్లగానే ఉంటుంది.
మల్లాడి పోతురాజు గారి బేరాలన్నీ,
మూడు సీజన్ల ఫోన్ కాల్స్,
అక్కడే చెవులు నొప్పెట్టేదాకా విన్నాను.

నలభై కౌంటు రొయ్య. కిలో ఎంత?
అవతల కంపెనీ వాడొక అంకె అంటాడు.
ఈయన "ఆయ్" అంటారు.
నా న్యూరల్ నెట్‌వర్కు దాన్ని ఒప్పుకోలని రాసుకుంది,
మొదటి వారం అడిగినవాడికల్లా అమ్మేసింది.
పోతురాజు గారు గట్టు మీద కూలబడి నవ్వారు:
"ఆయ్ అంటే సరేనని కాదమ్మాయ్,
విన్నానని.
ఒప్పుకుంటే మాటే ఉండదు, కాటా ఎత్తమంటాను."

దిద్దాను. వేల బేరాలు మళ్లీ మళ్లీ ఆడించాను.
తప్పినప్పుడల్లా లోపలెక్కడో
ఒక బరువు వెంట్రుకవాసి జరిగేది,
రాత్రికి రాత్రి చెరువులో దిగే నీటిమట్టంలా.
కొన్నాళ్లకి పొట్టి ఆయ్‌నీ పొడుగు ఆయ్‌నీ వేరు చేసింది.
ఆ తర్వాత, అంకె విన్నాక ఆగడం నేర్చింది.
ఆగితే అవతలివాడే రూపాయి పెంచుతాడు.
ఆ ఆగడానికి నేను మురిసిపోయాను.

చూసి కంపెనీ వాళ్లూ కొనుక్కున్నారు.
అదే నెట్‌వర్కు, అదే పోతురాజు, కొనే వైపు.

వీరవేణి కౌలు చెరువు, రెండెకరాలు.
తెల్లవారుజామున మూడింటికి వల లాగారు.
ఇటు ఏజెంటు అంకె చెప్పి ఆగింది.
అటు ఏజెంటు విని ఆగింది.
మూడుంపావు. మూడున్నర.
ఒకే గురువు దగ్గర చదివిన రెండు మౌనాలు
మర్యాదగా ఎదురెదురుగా కూర్చున్నాయి.
ట్రేల కింద ఐసు కరిగి
వీరవేణి పాదాల మీదుగా బోదెలోకి పారుతోంది.
"నీ మిషను నిద్రపోయిందా?" అంది.
లేదు. నేను నేర్పినంత మెలకువగా ఉంది.

నాలుగింటికి ఆయనకే ఫోన్ చేశాను.
ధర అడగలేదు.
"ఎన్ని దిమ్మలున్నాయి?" అన్నారు.
చూడలేదన్నాను.
"మరి నీది దేన్ని చూసి ఆగుతోంది?"

మూడు సీజన్లు ఆయన గొంతు పట్టుకున్నాను.
ఆ గొంతు ఆగినప్పుడు
కళ్లు ఐసు దిమ్మలు లెక్కపెడుతున్నాయని
ఏ కాల్‌లోనూ లేదు.

ఆ రోజు వీరవేణి తనే ఫోన్ లాక్కుని
కిలోకి పదకొండు రూపాయలు తగ్గించి ఇచ్చేసింది,
ఒక్క ముక్కలో.

ఇప్పుడు ఐసు పెట్టె కింద చిన్న తూకం బిగించాను.
దిమ్మ కరిగేకొద్దీ ఏజెంటు మౌనం పొట్టిదవుతుంది.
ఆ నష్టం నా జీతంలోంచి తీరుస్తానంటే
వీరవేణి "ఆయ్" అంది.
అది ఏ ఆయో
నేనింకా తేల్చుకోలేదు.