పడమటి గోడ

మార్చిలో వాళ్లకి ఫోన్ చేస్తే
ముందు దగ్గు వినిపిస్తుంది, తర్వాత మాట.
దేవసహాయానికి మిర్చి యార్డులో కాటా దగ్గర పని.
చొక్కా మీది ఘాటు ఇంట్లోకి వస్తుంది,
అక్కణ్ణించి ఫోన్లోకి.
ఇక్కడ భిలాయిలో, ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో
సీసం ఏప్రాన్ విప్పుతూ
నేనూ ఓసారి గొంతు సవరించుకుంటాను.

ఏటుకూరు రోడ్డు, లోపలికి మూడో సందు.
రెండు గదులు, వంటిల్లు, మెట్ల కింద మోటారు.
పీఎఫ్ మీద అప్పు తీసి కొన్నాను.
పాలు పొంగించి ఆ సాయంత్రం బండికే వచ్చేశాను.
అందులో ఒక్క రాత్రీ పడుకోలేదు.

రెండో తాళంచెవి ఇస్త్రీ బుడేసా దగ్గరుంటుంది.
టు-లెట్ బోర్డు కూడా ఆయన బండి కిందే,
బొగ్గుల బస్తాకి ఆనించి.
"ఖాళీ అయితే నేనే కడతాలేమ్మా" అంటాడు.
ఏడేళ్లుగా ఖాళీ కాలేదు.
బోర్డు మీద ఇంకా నా పాత నంబరే ఉంది.

ఐదో తారీఖు అద్దె పడుతుంది.
ఈసారి నాలుగొందల ముప్పై తక్కువ పడింది.
వెనకాలే రూతమ్మ గొంతు, నిమిషంన్నర:
"మోటారు కెపాసిటరు నూటెనభై,
కరెంటు పనాయనకి రెండొందలు, వాషర్లు యాభై,
టీ మేమే పోశాం, అది రాయలేదు."
లెక్క సరిగ్గానే ఉంది.
ఆ మాటల వెనక కుక్కరు నాలుగు కూతలేసింది.
గ్యాసు నాది కాకపోయినా అవీ లెక్కపెట్టాను.

తర్వాత ఫొటో. పడమటి గోడ.
పెచ్చులూడి, నడుమ నీలిమచ్చ.
పగుళ్లు చూసే నేను జీతం తీసుకునేది.
వేళ్లతో పెద్దది చేసి చూశాను,
పాతదా, కొత్తదా, పైపైదా, లోతుదా.
ఎముకైతే చెప్పేదాన్ని.
"పోయినేడు ఫొటోయే మళ్లీ పంపారేమో" అన్నాను.
అటునించి కాసేపు దగ్గు కూడా లేదు.
"మీరెప్పుడన్నా వానాకాలం ఈ ఇంట్లో ఉన్నారామ్మా?"
తప్పు పట్టినట్టు కాదు,
నిజంగానే తెలీక అడిగినట్టు.

ఆగస్టులో చెప్పకుండా వెళ్లాను.
బెజవాడలో దిగి, బస్సెక్కి,
సంచిలో కొత్త అగ్రిమెంటు, ఐదొందలు పెంచి.
గుమ్మం బయట చెప్పులు విడిచాను. నా గుమ్మం.
"అమ్మ వస్తుంది, కూర్చోండాంటీ" అంది వాళ్ల కెజియా,
నేనెవరో తెలీక.
బాత్‌రూం లైటు కోసం లోపలి గోడంతా తడిమాను.
స్విచ్చి తలుపు బయట ఉంటుందని
ఆ పిల్లే చెప్పింది.

వాన మొదలయ్యాక రూతమ్మ బీరువా పక్కకి జరిపింది.
మచ్చ చుట్టూ పెన్సిలు గీత, పక్కన తారీఖు.
దాని బయట ఇంకో గీత. దాని బయట ఇంకోటి.
ఏడు వానాకాలాలు,
ఆఖరిది కెజియా బడి చేతిరాతలో.
కాలి మీద వాపు పాకుతుంటే
మా వార్డు సిస్టర్లు పెన్నుతో ఇలాగే గీస్తారు,
పొద్దుటికి ఎంత పెరిగిందో తెలియాలని.
"సున్నం వేస్తే గీతలు పోతాయని
ఈ పక్క వేయించలేదు" అంది.
వేలు పెట్టి చూశాను. చల్లగా ఉంది.
తడి వేలు ఎక్కడ తుడుచుకోవాలో తోచలేదు.

మేస్త్రీతో బేరం దేవసహాయమే ఆడాడు.
అయినా అగ్రిమెంటు తీశాను.
తియ్యకపోతే బాగుండేదేమో,
వాయిదాలు నాకూ ఉన్నాయి.
ఐదొందలు మూడొందలయింది.
కొట్టేసిన అంకె పక్కన ఇద్దరం సంతకం పెట్టాం.

వాన తగ్గలేదు. బండి పోయింది.
రూతమ్మ చాప పరిచింది, ఆ గోడకి జానెడు దూరంలో.
తెల్లారుజామున నాలుగింటికి నీళ్లొచ్చాయి.
దేవసహాయం చీకట్లోనే వెళ్లి మోటారు వేశాడు.
ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను.
ఇల్లంతా అదురుతోంది, గిన్నెలతో సహా.
వాళ్లిద్దరూ మళ్లీ పడుకున్నారు, పిల్ల అసలు కదల్లేదు.
ఇంత చప్పుడు చేస్తుందని
ఇన్నేళ్లలో నాకెవరూ చెప్పలేదు.