ఇరవై గ్రాములు

గ్రీంస్‌పేటలో మిద్దిమీద ఒంటి గది.
రాత్రి పదికి లాప్‌టాప్ తెరిస్తే
బెంగళూరు గోడౌన్‌లో పగలంతా పోగైన టపా
నా ముందర వరసగా నిలబడతాది.
ముఖాలు మాత్రమే.
వీపు చూడాలంటే ఇంకో క్లిక్కు.

ఊరూరా తిరుగుతా పనిచేసుకునేవాళ్ళ ఉత్తరాలవి.
గోవాలో ఒకరు, మనాలిలో ఒకరు,
ఈ వారం యాడుండారో వాళ్ళకే సరిగ్గా తెలీనివాళ్ళు ఇంకొందరు.
అడ్రసు మాత్రం అందరికీ మా గోడౌనే,
పెట్టె నంబరొక్కటే తేడా.

తెరవాలా, పంపాలా, చించాలా,
మూడే బొత్తాలు నాకు.
బ్యాంకుదైతే తెరువు. కోర్టుదైతే ఫోన్ చెయ్.
నగల కొట్టు పుస్తకమైతే అడగబళ్ళేదు, చించు.
ప్రతి బొమ్మ కిందా బరువు రాసుంటాది: 20 గ్రా.
ఎనిమిది నెలలుగా చదువుతా ఉండాను,
ఇరవై గ్రాములు అరచేతిలో ఎట్లుంటాదో
అడిగితే చెప్పలేను.

స్కాన్ చేసేవాడి పేరు తెలీదు.
బొటనవేలు తెలుసు.
కవరు కదలకుండా మూల నొక్కి పట్టుకుంటాడు కదా,
ప్రతి బొమ్మలోనూ అది వచ్చి కూర్చుంటాది.
మార్చిలో గోరు నల్లబడింది, దేనికిందో నలిగినట్టుంది.
ఆ నలుపు రవంత రవంతే పైకి జరిగి
మామిడికాయలు ముగిసేసరికి గోరు చివరికొచ్చింది.
ఒకనాడు పసుపు. ఎవరి పెండ్లికి పోయొచ్చినాడో.
ఒకనాడు కట్టు.
ఆ నాలుగు దినాలూ ఎడమచేతి వేలొచ్చింది,
పాలాయన బదులు ఆయన తమ్ముడొచ్చినట్టు.
"వేలు పడకుండా తియ్యమని చెప్పు" అన్నాడు టీమ్ లీడరు.
చెప్తాలే సార్ అన్నాను.
చెప్పలేదు.

నాలుగొందల పదిహేడో పెట్టెకు
ఒక ఇన్‌లాండ్ కవరొచ్చింది.
నీలం సిరా, పేరులో ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాసినారు.
చేతిరాత ఉంటే అడగాలని రూలు. అడిగినాను.
రాత్రి రెండూ ఏడుకు జవాబు: చించు.
వెనకాలే ఇంకొకటి: వద్దు, ఆగు.
ఆ పైన ఏమీ లేదు.
ముప్పై దినాలు దాటితే మిషనే చించేస్తాది.
ఇరవై తొమ్మిదో రాత్రి గడువు పొడిగించినాను.
కారణం గడిలో ఏదో ఒకటి రాయాల కదా,
"కస్టమర్ ఆలోచిస్తా ఉండారు" అని రాసినాను.

తెల్లారి ఆరుకు నేను పండుకుంటాను.
పదకొండుకు పోస్టుమాన్ వస్తాడు.
తలుపు సందులో చీటీ: ఇంట్లో లేరు.
మర్నాడు ఇంకొకటి: బీగం వేసుండాది.
లోపలే ఉండాను సామీ,
గురక గూడా పెట్టుంటాను!
లోకం ఉత్తరాలకంతా కాపలా కాసేదాని ఉత్తరం
హెడ్ పోస్టాఫీసు బీరువాలో ఏడు దినాలు పడి ఉండాది.

ఆఖరి దినం నిద్ర చంపుకోని పోయినాను.
గాంధీ రోడ్డులో షేర్ ఆటో,
ముందర మామిడి గుజ్జు డ్రమ్ముల లారీ, కదల్దు.
కౌంటర్లో షకీలా మేడం ఆధార్‌ను చూసి, నన్ను చూసి
"ఫోటోలోనే బాగుండావే" అనింది.
సంతకం పెట్టినాను.

కంపెనీదే.
చేరినప్పుడు ఇస్తామన్న ఐడీ కార్డు, ఇప్పటికి.
చేత్తో రాసిన అడ్రసు,
గ్రీంస్‌పేటను గ్రీన్‌పేట చేసినారు.
మూలలో జిగురు మీద బొటనవేలి ముద్ర,
దుమ్ము పట్టి గీతలు గీతలుగా.
పక్కన రసీదులో బరువు: 20 గ్రా.

బయట జామకాయలమ్మే ఆమెను బతిమాలి
తక్కెట్లో పెట్టించినాను.
"కాయితానికి తూకమేందమ్మే" అని నవ్వింది.
ముల్లు కదల్లేదు.
చేతికి మాత్రం తెలస్తానే ఉంది.

తెరవలేదింకా.
ముద్ర మీద నా వేలు పెట్టి చూసినాను,
చుట్టూ ఒక గీత మిగిలింది.

ఈ రాత్రి మొదటి బొమ్మ.
మూలలో అదే వేలు, నలుపు పూర్తిగా పోయుండాది.
నాలుగొందల పదిహేడు ఇంకా పలకలేదు.
కారణం గడిలో
ఈసారి ఏం రాయాలో.