శబ్దం లేని గది

కర్నూలు పెద్దాసుపత్రిలో
చెవి ముక్కు గొంతు వార్డు చివర
నా గది ఒకటుంది.
గోడలకు నురుగు మెత్తలు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు.
లోపల కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తొడిగి
"కూత వినబడితే చెయ్యెత్తండి" అంటాను.
పద్నాలుగేళ్ళుగా నా ఉద్యోగం ఈ ఒక్క వాక్యమే.

బయట బెంచీ మీద ఎప్పుడూ తిరనాళ్ళే.
ఉల్లిగడ్డల మార్కెట్లో వేలం పాడే కౌలుట్లయ్య
"మూడోసారి" అనబోయి గాలి మాత్రం వదులుతాడు.
అరిచి అరిచి గొంతుతీగల మీద
ఆవగింజలంత కాయలు కాసినాయని డాక్టరు చెప్తే
చీటీ మీద రాసి అడిగినాడు:
నెల రోజులు నేను మాట్లాడకుంటే రేటెవరు పలుకుతారు?

ఆదోని జిన్నింగు మిల్లు నుంచి హుసేనమ్మ.
పొద్దున లేస్తే ఇరవై తుమ్ములు,
రాత్రంతా నోటితోనే ఊపిరి.
దూది ఎంత తెల్లగున్నా
దాని ధూళికి ముక్కులో ఎర్రటి వాపే.
"డాక్టరు సారేమో ముక్కు కట్టుకోని పనిచేయమంటాడు,
మేస్త్రీ నోరు మూసుకోని చేయమంటాడు,
ఇంక దేంతో పీల్చేది?"

కేసీ కాలువలో ఈత కొట్టే పిల్లోడికి చెవిలో చీము.
అవ్వ తెల్లగడ్డ కాచిన నూనె పోసింది,
మామ కోడి ఈక పెట్టి తిప్పినాడు.
ముక్కులోని పడిశం లోదారి పట్టి చెవికెక్కిందని
పాపం ఎవరికి తెలుసు.
కర్ణభేరికి చిల్లు.
అందరూ ప్రేమతోనే చేసినారు.

మద్దిలేటి మాత్రం బెంచీ మీద కూర్చోలేదు.
గోడవార గొంతుక్కూర్చున్నాడు.
బేతంచర్ల, నాపబండల పాలీషు ఫ్యాక్టరీ, ఇరవై ఆరేళ్ళు.
కనుబొమల్లో ఇంకా బూడిదరంగు పిండి.
బ్లేడు కోసేటప్పుడు పుట్టే అరుపు
రాయితో ఆగదు.
చెవి లోపలి నత్తగుల్లలో
నూగులాంటి వెంట్రుకలుంటాయి, వాటినీ కోస్తుంది.
కోసినవి మళ్ళీ మొలవవు.

భార్య ఉరుకుందమ్మ చెప్పింది:
"టీవీ వీధంతా ఇనబడేట్టు పెడ్తాడు.
నేనేమన్నా అంటే, ఏంది గొణుగుతావని నా మీదే అరుస్తాడు.
ముప్పై ఏండ్లు తిట్టిన తిట్లు, ఇప్పుడు దండగైపాయ."

తలుపు మూసినాను.
కూత పంపినాను. చెయ్యి లేవలేదు.
పెంచినాను. లేవలేదు.
నీళ్ళు తాగుదామని మీట వదిలేసినప్పుడు
ఏ కూతా లేనప్పుడు
అద్దం అవతల చెయ్యి లేచింది.

"ఏం వినబడింది?"
"బ్లేడు మిషన్ మేడం. ఆదివారం బంద్ పెట్టినా తిరుగుతాంటాది.
ఈ గదిలో ఐతే ఇంకా బాగా ఇనబడ్తాంది."

కాగితం మీద గీత
నాలుగు వేల గుర్తు దగ్గర ధబీమని దిగింది,
వాళ్ళూరి గనిలో బండ తీసిన మెట్టులాగ.
చెవికి మిషన్ పెడదామన్నాను, రెండుసార్లు, గట్టిగా.
"ఉన్న మిషన్ చాలదా?" అని నవ్వినాడు.

ఇంతకూ ఏం వినబడాలని ఉంది నీకు?
"బండ" అన్నాడు.
మంచి బండ తడితే కంచులాగ మోగుతుందట.
లోపల నెర్రె ఉంటే పాతకుండలాగ పలుకుతుందట.
ఆ తేడా చెప్తాడని రోజుకు యాభై ఎక్కువిచ్చేవాళ్ళట.
పోయిన ఎండాకాలం
నెర్రెబండను మంచిదని లారీకెక్కించినాడు.
ఆ యాభై ఇప్పుడు ఎవరిదో చెప్పలేదు.

లేస్తూ లేస్తూ నా గది నేలను చూసినాడు.
నాపబండే.
నా కుర్చీ కాలు దగ్గర వంగి, వేలి కణుపుతో తట్టినాడు.
చెవి పెట్టలేదు, రెండో అరచెయ్యి పెట్టినాడు.
"ఇనండి మేడం. డొల్లగా లేదా?"

నేనూ వంగినాను.
మళ్ళీ తట్టినాడు.
నాకు బాగానే వినబడింది.
డొల్లో కాదో తెలియలేదు.