పన్నెండో నెల

గుణుపురం కోర్టు గోడవార
రేకు కింద నా బల్ల.
టైపుమిషను పోయి కంప్యూటరొచ్చింది,
'క్ష' ఇప్పటికీ సరిగ్గా పడదు.
పంతొమ్మిదేళ్లుగా ఒకటే కొడుతున్నాను:
అద్దె కరారు, గడువు పదకొండు నెలలు.

ఏడాది దాటితే రిజిస్ట్రీ, ఫీజు,
అద్దెకున్నవాడికి ఓ పిసరు బలం.
అందుకే ఏ సావుకారూ పన్నెండు జోలికి రాడు.
ఎందుకని నేనూ అడగలేదు.

వంశధార పొంగి తగ్గిన వారం
బెవర అసిరితల్లి వచ్చింది,
సంతలో ఎండుచేపలమ్ముతుంది.
వెనక సుబుద్ధిబాబు, వేలికి తాళాల గుత్తి.
"ఎప్పుడూ రాసిందే రాయి" అన్నాడు ఒడియాలో.

ఎప్పుడూ రాసిందే అంటే
రెండు గదులు, పొద్దున గంటసేపు నీళ్లు,
మేకు కొడితే మేకుకి యాభై,
చుట్టమొస్తే రెండు రాత్రులు,
కరెంటు యూనిట్టుకి పన్నెండు రూపాయలు.
అక్కడ మాత్రం పన్నెండు రాయొచ్చు.

వేలిముద్రకని బొటనవేలు ముందే తుడుచుకుని
ఆమె అడిగింది:
"బాబూ, మరా పన్నెండో నెల
మావెక్కడుండాల?"

సుబుద్ధి నవ్వాడు. నేనూ నవ్వబోయాను.
ఆమెకి ఆ నెల తెలుసు.
పోయినేడు ఆ నెల్లోనే పాత ఇంటాయన
పొయ్యిని వానలో పెట్టాడు,
సగం ఉడికిన గంజితో సహా.
చేపల వాసన కింద
అడ్వాన్సులో పదిహేను వందలు కోశాడు.
వాసనకి రసీదు ఇవ్వలేదు.

ఆ రోజు ఒక షరతు ఎక్కువ కొట్టాను,
అన్నిటికన్నా కింద, చిన్నక్షరాల్లో, తెలుగులో:
నెల ముందు కాగితమ్మీద చెప్పకుండా
ఖాళీ చేయించరాదు, తాళం వేయరాదు,
అడ్వాన్సు కోతకి లెక్క చూపవలెను.

సుబుద్ధిబాబు తెలుగు మాట్లాడతాడు,
తిట్టడమూ తెలుగులోనే.
చదవడం రాదు.
చదవలేని కాగితాల మీద
ఎన్ని వేళ్లు నొక్కించాడో,
ఒక్కసారి తనూ సంతకం పెట్టాడు.

తప్పే. ఒప్పుకుంటాను.
జడ్జీ ముందు నిలుస్తుందో లేదో తెలీదు.
అసిరితల్లికి మాత్రం ఆ షరతు
రెండుసార్లు చదివి వినిపించాను.
మూడోసారి ఆమే అప్పజెప్పింది,
కూతురి ఫోన్ నంబరు చెప్పినట్టు,
ఎక్కడా ఆగకుండా.

బల్లకి తాళమేసి ఇంటికెళ్లాను.
ఇల్లంటే రైలుగేటు వెనక
మేడమీద ఒంటి గది.
నా కరారు నేనే కొట్టుకున్నది,
ఒక్క తప్పు లేదు.
గడువు ఈ నెలాఖరు.

మెట్ల మీద ఇంటాయన
కొత్త అద్దె చెప్పాడు. చెప్పి,
"నీకేమయ్యా, చేతిలో పని,
రాత్రికే కొట్టేసుకో" అన్నాడు.

కొట్టుకుంటూ కొట్టుకుంటూ
గడువు దగ్గరికొచ్చి
పదకొండు చెరిపాను.
పన్నెండు ఇంకా కొట్టలేదు.

కింద నీళ్ల మోటారు
ఆగింది.