ఎద్దు వంతు

ఓదెమ్మ వేలికి సూది గుచ్చిన.
నెత్తురు బయటికొచ్చేందుకు కొంచెంసేపు ఆలోచించింది.
మిషన్ ఏడు పాయింట్ ఎనిమిది అన్నది.
"అవ్వేం మార్కులు బిడ్డా, పాసా ఫేలా?"

పరకాల దాటినంక మా ఊరు.
రోడ్డుకు రెండు దిక్కుల పత్తి,
అర్రల పత్తి, మంచం కింద పత్తి,
ఏరిన చేతుల గోర్ల కింద గూడ
అదే తెలుపు.

ఎర్ర గోలీలు లెక్కబెడుతుంటే
ఆమె ఇంకో లెక్క తీసింది:
"మాకు జోడెడ్లున్నప్పుడు
నాగలి గట్టే దినాల్ల
తెల్లారకముందే కాగుల ఉలువలు ఉడికేటియి.
గుడాలు ఎడ్లకు, కట్టు మాకు.
ఆ నల్ల కట్టుల ఇంత చింతపండు, నాలుగు ఎల్లిపాయలు,
పక్కన జొన్న గట్క.
ఎద్దు వంతుల చెయ్యివెట్టి
పిడికెడు గుడాలు దొంగతనం జేసేదాన్ని.
మా అత్త కొట్టేది.
ఎద్దు ఏమనకపోయేది."

ట్రాక్టర్ వచ్చిన ఏడు
ఎడ్లను అంగట్ల అమ్మిండ్రట.
పలుపులు, మెడ గంటలు
కొన్నోనికే ఇచ్చిండ్రట.
ఉలువలు గూడ వాటెంబడే నడిచిపోయినయి,
ఎవ్వలూ ఎనుకకు పిలువలే.
అనుములు, బొబ్బర్లు కొన్నాళ్లు
గెట్టు పట్టుకొని బతికినయి,
గెట్టు మీద గడ్డిమందు పడేదాక.

ట్రైనింగ్ల రాసుకున్న కాపీ తీసి చదివిన:
ఇనుము, మాంసకృత్తులు, పీచు.
ఓదెమ్మ నవ్వింది,
"గీ పేర్లు ఎద్దుకు తెల్వయి గదా,
మరెట్ల దున్నింది?"

దూలానికి ఏలాడే సొరబుర్ర దించింది.
బూడిదల దోసెడు గింజలు.
ఎన్నేండ్లయిందో ఆమెకూ యాదికి లేదు.
"విత్తనానికైతే ఇస్త.
తిననీకైతే ఇయ్య."

గోలీలు ఆపొద్దని
గడప దాటినంక మళ్లోపారి చెప్పిన.

తడిగుడ్డల మూట గట్టిన మూడో దినం
విప్పి చూస్తే
చానా గింజలు రాళ్లే.
పదో, పన్నెండో
తెల్లటి ముక్కు బయటవెట్టినయి.

మా చిన్నోడు వంగి వాసన చూసిండు.
"ఇవి ఎవలు తింటరమ్మా?"

ఎద్దు అనబోయి ఆగిన.
వాడు దాన్ని క్యాలెండర్ల తప్ప చూడలే.

సబ్ సెంటర్ గోడ పక్కన,
చేతులు కడిగిన నీళ్లు పారేకాడ,
వేలుతోని పన్నెండు గుంతలు తీసిన.
సూది గుచ్చే లోతే.