అంకణా కుదిరిన రాత్రి

రువీలో, బస్టాండు వెనక, మూడో అంతస్తు.
ఏసీ కింద బకెట్టులో చుక్క, చుక్క.
డిసెంబరు ముప్పై ఒకటి.
కుడి ఎడమల మొత్తాల మధ్య
మూడొందల అరవై రియాళ్ల తేడా.

తొమ్మిదితో భాగించాను.
తణుకులో మా కామర్స్ మాస్టారు
సుద్దముక్క చెవి మీద పెట్టుకుని అనేవారు:
"తేడా తొమ్మిదో ఎక్కంలో పడిందా,
అంకెలు చోటు మార్చుకున్నట్టే,
పెళ్లి ఫోటోలో తోడికోడళ్లలాగా."

నలభై వచ్చింది, శేషం లేదు.
జూన్ దాకా వెనక్కి నడిచి పట్టుకున్నాను:
చిట్టాలో ఎనిమిదొందల నలభై ఉన్న సిమెంటు
ఆవర్జాకి ఎక్కేసరికి నాలుగొందల ఎనభై.
దిద్దాను. రెండు వైపులూ ఒక్కటయ్యాయి,
బైసాతో సహా.

ఇక్కడ రియాలుకి వెయ్యి బైసాలు,
చుక్క తర్వాత మూడు అంకెలు.
వచ్చిన కొత్తలో నా పైసల చెయ్యి
రెండో అంకె దగ్గరే దిగిపోయేది.

అంకణా కుదిరితే ఇంటికి పోవచ్చు.
కురువిళ సారు తాళాలు నాకిచ్చి వెళ్లిపోయాడు.
నేనే లేవలేదు.
కుదరని లెక్క పసిబిడ్డ, ఏడ్చి చెబుతుంది.
కుదిరిన లెక్కతోనే నాకు భయం.

వాటర్ ట్యాంకర్ బిల్లొకటి సొరుగు వెనక్కి జారి
అటూ ఎక్కలేదు, ఇటూ ఎక్కలేదు.
రెండు వైపులూ సమానంగా మరిచిపోతే
పుస్తకానికి దాహం తెలియదు.

కొత్త జనరేటర్ని మరమ్మతుల కింద రాయమన్నారు పైనుంచి.
పదేళ్లు బతకాల్సిన యంత్రం
కాగితం మీద ఒక్క ఏడాదిలో కాలిపోయింది.
లాభం చిక్కిపోయింది.
ఆ చిక్కిన లాభాన్ని చూపించే
ఈసారి క్యాంపులో బోనసు లేదన్నారు.
జనరేటరు మాత్రం నిక్షేపంగా
రాత్రంతా దడదడలాడుతూనే ఉంది.

ఇవన్నీ సరే.
నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది పోశెట్టి.

పోశెట్టిలు ఇద్దరు.
రాడ్డు వంచే తోకల పోశెట్టిది రాయికల్.
వంటశాల పోశెట్టిది మెట్‌పల్లి.
ఒకేరోజు దిగారు, నంబర్లు పక్కపక్కనే:
రెండొందల పదహారు, పదిహేడు.
ఎండలో రాడ్డు వంచిన ఏడు శుక్రవారాల ఓవర్‌టైము
ఏడుసార్లూ గిన్నెలు తోమేవాడి ఖాతాలో జమ చేశాను.
జీతాల మొత్తం సరి. బ్యాంకు సరి. అంకణా సరి.

మూడుసార్లు వచ్చాడతను కిటికీ దగ్గరికి.
మొదటిసారి శుక్రవారాలు వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు.
రెండోసారి టోపీ నలుపుతూ నిలబడ్డాడు.
మూడోసారి ఏమీ అడగలేదు,
కాసేపు చూసి వెళ్లిపోయాడు.
మూడుసార్లూ నేనొకటే అన్నాను, తెర అతనివైపు తిప్పి:
"లెక్క కుదిరింది తమ్ముడూ. చూడు, సున్నా తేడా."
అది అబద్ధం కాదు.

ఈ రాత్రి హాజరు కాగితాలు తీసి పక్కన పెట్టుకుంటే
ఏడు సంతకాలూ పదహారువి.

పదిహేడుకి ఫోన్ చేశాను.
నిద్రలోంచే చెప్పాడు:
"కంపెనీ మంచిగ పని చేస్తున్నవని ఇచ్చిందనుకున్న మేడం.
ఇంటికి పంపిన. బోరు ఏపిచ్చిన్రు.
నీళ్లు పడలే."

నలభై ఐదు రియాళ్ల ఐదొందల బైసాలు
రెండొందల అడుగుల పొడి మట్టిలోకి పోయాయి.
పదిహేడుకి ఖర్చు, పదహారుకి జమ,
సవరణ పద్దు నిమిషం పని.
చెయ్యి ఆడలేదు.
పదహారుకి జమ మాత్రం రాశాను.
ఎదుటి వైపు ప్రస్తుతానికి అనామతు ఖాతా.
పక్కన పెన్సిలుతో నా పేరు.
చెరిపేస్తానో, ఇంకు పెడతానో
జనవరి జీతం వచ్చాక తెలుస్తుంది.

పద్దు కింద వివరణ రాయాలి.
"పొరపాటున" అని రాసి,
కొట్టేసి,
"నా వల్ల" అని రాశాను.

రేపు అతను నాలుగోసారి రాకపోవచ్చు.
నేనే క్యాంపుకి పోవాలి.
తిప్పి చూపించడానికి అక్కడ తెర ఉండదు.

బకెట్టు నిండింది.
పారబోసి, దీపం ఆర్పాను.