దళం: నానార్థాలు

తొమ్మిదో తరగతి, నాలుగో పీరియడు.
బోర్డు మీద రాశాను:
దళం – ఆకు, సేన, మందం.
మందం దగ్గర సుద్దముక్క విరిగింది.

వెనక బెంచీలోంచి రమావత్ సేవ్యా లేచాడు.
"సార్, తులసి దళం, అన్నల దళం
ఒక్క మాటేనా?"

చందంపేటలో ఆ రెండో మాట
గోడలకు వినపడేలా ఎవరూ అనరు.
కిటికీ రెక్క దగ్గరికి వేసి చెప్పాను:
ఒక్కటేరా.
చీలడమే దాని ధాతువు.
మొగ్గ చీలితే రేకు,
పెద్ద సేన చీలితే చిన్న గుంపు.

పాతకాలం వాళ్లు యుద్ధానికి పేర్లు కావాలని
అడవికే పోయినట్టున్నారు.
గుల్మమంటే పొద,
తొమ్మిది ఏనుగుల బలగం కూడా.
వాహిని అంటే ఏరు,
ఎనభై ఒక్క ఏనుగులు, అన్ని రథాలు.
దళానికి ఎందరో మాత్రం
నా నిఘంటువులో లేదు.

మధ్యాహ్నం హాస్టలు వంటశాల వెనక
ఇద్దమ్మ మోదుగాకులు కుడుతోంది,
చీపురుపుల్లలు పంటి కింద పట్టుకుని.
"దళానికి లెక్క లేదన్నవట సారూ.
నాకెరుకే.
రాత్రికి పదకొండు ఇస్తర్లు.
వానలు వడ్డంక తొమ్మిది.
డిండి వాగు కాడ కాల్పులైన నెల,
నాలుగు."

పుల్ల గుచ్చి, తుంచింది.
"తెల్లారి పోలీసోళ్లొస్తే ముప్పై.
వాళ్లకూ గివే ఆకులు.
లేతాకుల పులుసాగది.
దళసరిది చూసి కుట్టాలె,
ఎవలు తిన్నా."

కుట్టి, మిగిలిపోయినవి ఏం చేశావన్నాను.
"ఎండినయ్. పొయ్యిల వెట్టిన."
ఇంకో ఆకు అందుకుని
బొటనవేలితో మందం చూసింది.
పనికిరాదని పక్కన పడేసింది.

దసరాకు ముందు పరీక్షలు.
సేవ్యా పేపరు, ఏడో ప్రశ్న:
దళం – 1. ఆకు 2. ఆకులో తినేవాళ్లు.

జవాబుల పట్టికలో రెండోది లేదు.
ఎర్రపెన్ను మూత తీసి
ఇంట్లో దీపం పెట్టేదాకా కూర్చున్నాను.
పూర్తి మార్కు వేశాను.
పక్కన చిన్న అక్షరాలతో రాశాను:
'ఇద్దమ్మ చెప్పిందా?'

పేపర్లు తనిఖీకి దేవరకొండ పోతాయి.
ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె పేరు మీద గీత కొట్టాను.
చాలలేదు, మళ్లీ కొట్టాను.
కాగితం దళసరిది కాదు.
చిల్లి పడింది.